వాళ్ల భయం, మన శిస్తు

యూరప్ తన భద్రత కోసం 1798లో హైదరాబాద్‌లో రాయించుకున్న ఒక ఒప్పందం తెలుగు నేలను ఎలా కోసింది? దాని ఖరీదు ఎవరి మీద పడింది?

షాబాద్, చేవెళ్ల వైపు భూమి తగాదా ఏదైనా కాస్త లోతుగా తవ్వితే ఎక్కడో ఒకచోట ‘సర్ఫేఖాస్’ అన్న మాట తగులుతుంది. నిజాం సొంత ఖర్చులకు కేటాయించుకున్న భూములవి. రాజధాని చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా ఆ పద్దు కిందిదే. అందులో షాబాద్ ఒక తాలూకా. 1949లో ఆ పద్దు ప్రభుత్వంలో కలిసిపోయింది. మాట మాత్రం పాత కాగితాల్లో, కోర్టు వ్యాజ్యాల్లో, ముసలివాళ్ల నోళ్లలో ఇంకా బతికే ఉంది.

ఈ చుట్టుపక్కల ఊళ్ల రైతు కట్టిన శిస్తు చేతులు మారుతూ పట్నం చేరేది. అక్కడి నుంచి ఎటు పోయేది? దేవిడీలకు, నగలకు, విందులకు అనుకుంటాం. కొంత నిజమే. కానీ 19వ శతాబ్దపు మొదటి సగమంతా నిజాం ఖజానా మీద వాటన్నిటికన్నా బరువుగా కూర్చున్న ఖర్చు ఒకటుంది. అది ఒక భయానికి కట్టిన ధర. ఆ భయం గోల్కొండలో పుట్టలేదు, షాబాద్‌లో అంతకన్నా పుట్టలేదు. లండన్‌కూ పారిస్‌కూ మధ్య పుట్టింది.

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దిగినప్పటి నుంచి యూరప్ రాజధానుల్లో రెండు మాటలు జంటగా వినిపిస్తున్నాయి: విలువలు, భద్రత. రెండింటికీ పొత్తు కుదురుతుందా, కుదరదా అని అక్కడ పెద్ద చర్చే నడుస్తోంది. ఆ జంట ఒకప్పుడు మన వాకిట్లోకి కూడా వచ్చింది. వచ్చి ఏం చేసిందో గుర్తు చేసుకోవడానికి మనకున్నంత హక్కు మరెవరికీ లేదు.

1795 అనే ఏడాది

ఆ కథకు ముందు 1795 దగ్గర కాసేపు ఆగాలి. ఆ ఒక్క ఏడాదిలో మూడు సంగతులు జరిగాయి. ఒకదాని గురించి ఒకటి తెలియకుండానే జరిగాయి.

మార్చిలో, ఇప్పటి మహారాష్ట్రలోని ఖర్దా దగ్గర, నిజాం అలీ సేనను మరాఠాలు ఓడించారు. దౌలతాబాద్ కోట, చాలా భూభాగం, కోట్ల రూపాయల పరిహారం ఒప్పుకుని నిజాం బయటపడ్డాడు. దివాన్ అరిస్తు జాను బందీగా పుణె పంపాల్సి వచ్చింది. అప్పటికే నిజాం ఈస్టిండియా కంపెనీ పటాలాలను అద్దెకు పెట్టుకుని ఉన్నాడు. కానీ మరాఠాల మీద యుద్ధానికి అవి కదలకూడదని గవర్నర్ జనరల్ జాన్ షోర్ చెప్పేశాడు.

ఏప్రిల్ 23న లండన్‌లో మాజీ గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ నిర్దోషి అని తీర్పు వచ్చింది. భారతదేశంలో కంపెనీ చేసిన పాపాలకు అతణ్ణి బోనులో నిలబెట్టి ఎడ్మండ్ బర్క్ తదితరులు వాదించిన కేసు అది. 1788లో మొదలై ఏడేళ్లు నడిచింది. సముద్రాల అవతల చేసిన పనికి నీతి వేరుగా ఉంటుందా అన్నది అందులోని అసలు ప్రశ్న. తీర్పు ఎలా వచ్చినా, ఆ ప్రశ్నను ఒక పార్లమెంటు అంతకాలం మోయడం చిన్న విషయం కాదు.

అదే ఏడాది ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో ఇమ్మాన్యుయేల్ కాంట్ శాశ్వత శాంతి గురించి ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. దేశాలకు నిలువ సైన్యాలు క్రమంగా లేకుండా పోవాలన్నాడు. పరాయి దేశాలతో తగాదాల కోసం అప్పులు చేయకూడదన్నాడు. యూరప్ వర్తక రాజ్యాలు హిందుస్థానంలో దుకాణాల పేరు చెప్పి సైనికులను దించి, ఇక్కడి రాజ్యాల మధ్య యుద్ధాలు రాజేశాయని కూడా రాశాడు. ఆ ఊరు దాటి ఎక్కువ దూరం పోని మనిషి అతను. ఖర్దా పేరు అతనికి తెలిసే అవకాశమే లేదు. అయినా నిలువ సైన్యం, అప్పు, దుకాణం వెనుక ఫిరంగి అని అతను పట్టుకున్న మూడూ రాబోయే యాభై ఏళ్ల హైదరాబాద్ చరిత్రకు ముందే రాసిన విషయసూచికలా ఉంటాయి. ఆ పేజీ దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

చట్టం ఒకటి ఉంది

షోర్ ఖర్దాలో ఎందుకు కదల్లేదు? పిరికితనమని కొందరు రాశారు. నాకు అలా అనిపించదు. అతని చేతిలో 1784 నాటి పిట్ చట్టం ఉంది. భారతదేశంలో రాజ్యాలు జయించి విస్తరించడం తమ దేశ గౌరవానికి తగని పని అని ఆ చట్టంలో స్పష్టంగా ఉంది. లండన్ అనుమతి లేకుండా యుద్ధాలకు, అలాంటి ఒప్పందాలకు దిగకూడదని కట్టడి కూడా ఉంది. 1793లో మళ్లీ అదే మాట చెప్పారు. షోర్ దానికి కట్టుబడ్డాడు.

అతణ్ణి పూర్తిగా వెనకేసుకు రావడానికీ మనసొప్పదు. అద్దె తీసుకుంటూ అవసరానికి నిలవకపోవడం కూడా నీతి కిందికి రాదు. నిజాం అలీకి అదే మండింది. కంపెనీ పటాలాలను వెళ్లిపొమ్మన్నాడు. కొద్ది నెలల్లోనే కొడుకు ఆలీ జా తిరగబడ్డాడు. ఆ తిరుగుబాటును అణచింది ఫ్రెంచివాడు రేమండ్. అప్పటి నుంచి రేమండ్ మాటకు దర్బారులో ఎదురు లేదు.

రేమండ్ గురించి హైదరాబాద్‌కు ఎక్కువ చెప్పక్కర్లేదు. గన్‌ఫౌండ్రీ అనే పేరు అతను నడిపిన ఫిరంగుల కార్ఖానాది. మూసారాంబాగ్ పేరులో కూడా అతనే ఉన్నాడంటారు. జనం నోట్లో అతను హిందువులకు మూసా రాం, ముసల్మానులకు మూసా రహీం. దక్షిణ భారతంలో ఒక కూలి సేనానికి దక్కిన ఇంత ఆదరం ఇంకెక్కడా నాకు కనిపించలేదు. అతని కింద పెరిగిన పటాలాలు లెక్కల్లో 14 వేల మంది. విప్లవ ఫ్రాన్స్ జెండాలు, ఫ్రెంచి అధికారులు. అప్పటికి ఫ్రాన్స్‌తో బ్రిటన్ యుద్ధంలో ఉంది.

ఒక నెల ఆలస్యం

1798 మేలో కలకత్తాలో కొత్త గవర్నర్ జనరల్ దిగాడు. మార్నింగ్టన్ ప్రభువు. మనం పాఠ్యపుస్తకాల్లో వెల్లస్లీ అని చదువుకున్నది ఇతని గురించే. వచ్చిన కొద్ది రోజులకే ఒక ప్రకటన కాగితం చేతికందింది. మారిషస్‌లోని ఫ్రెంచి గవర్నర్ మలార్టిక్, టిపూ సుల్తాన్ సైన్యంలో చేరే స్వచ్ఛంద సైనికులు కావాలని జనవరిలో చేసిన ప్రకటన అది. దాన్ని చూసి మంగళూరులో దిగినవాళ్లు గట్టిగా వందమంది లేరు. కానీ జులైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. అక్కడి నుంచి ఎర్ర సముద్రం, ఆపైన శ్రీరంగపట్నం, దాని పక్కన హైదరాబాద్‌లో ఫ్రెంచి పటాలాలు. పటం మీద గీత గీస్తే భయం వేయకుండా ఉండదు. వెల్లస్లీ భయం కల్పితమని నేను అనను. ఆ భయాన్ని ఎంత దూరం లాగాడన్నదే లెక్క.

సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో ఒప్పందం కుదిరింది. పుణె నుంచి అప్పటికే తిరిగొచ్చిన అరిస్తు జా, కంపెనీ తాత్కాలిక రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కలిసి కుదిర్చారు. కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల ప్రేమకథ ఇప్పుడు లోకమంతటికీ తెలుసు. ఆ కథ వెలుగులో ఈ కాగితం మరుగున పడిపోవడం నాకు బాధగా ఉంటుంది. ఫ్రెంచివాళ్లను తొలగించాలి. కంపెనీ సిపాయిలు ఆరు పటాలాలు శాశ్వతంగా ఉంటాయి. వాటికి నిజాం ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి. ‘సైన్య సహకార పద్ధతి’ అని పిల్లలు బట్టీ పట్టే పద్ధతికి వెల్లస్లీ హయాంలో మొదటి సంతకం ఇదే.

సంతకం పెట్టాక నిజాం అలీ మనసు ఊగిసలాడింది. అక్టోబరులో గుంటూరు వైపు నుంచి కంపెనీ పటాలాలు వచ్చి హైదరాబాద్‌లో మకాం వేశాయి. నిజాం గోల్కొండ కోటలోకి వెళ్లిపోయాడు. ఇప్పుడు లంగర్‌హౌజ్ దాటి మొయినాబాద్, చేవెళ్ల వైపు వెళ్లే బస్సులు ఆ కోట నీడలోంచే పోతాయి. ఆ కోటలో కూర్చుని ఒక ముసలి రాజు ఎవరి అండ నమ్మాలా అని రోజుల తరబడి తేల్చుకోలేకపోయాడు. కిర్క్‌పాట్రిక్ బెదిరించాకే ఫ్రెంచి పటాలాల రద్దు ఉత్తర్వు బయటికొచ్చింది.

అప్పటికి రేమండ్ లేడు. ఆ మార్చి 25ననే చనిపోయాడు. పగ్గాలు పట్టిన పిరోన్‌కు ఆ పట్టు లేదు. ఉత్తర్వు తెలిసి సిపాయిలు తిరగబడింది ఇంగ్లీషువాళ్ల మీద కాదు, బాకీ జీతాల కోసం సొంత అధికారుల మీద. పిరోన్‌నే నిర్బంధించారు. మాట్లాడటానికి వెళ్లిన రెసిడెంటు సహాయకుడు జాన్ మాల్కంను కూడా గుంపు పట్టుకుంది. ఒకప్పుడు కంపెనీలో అతని పటాలంలో పనిచేసి పారిపోయొచ్చిన కొందరు సిపాయిలు గుర్తుపట్టి, మోసుకుపోయి కాపాడారు. అక్టోబరు 22 ఉదయం కంపెనీ పటాలాలు రెండు వైపులా ఫిరంగులు ఎక్కుపెట్టి నిలిచాయి. బాకీ ఇస్తామన్న హామీ మీద, తూటా పేలకుండా, వేలమంది ఆయుధాలు కింద పెట్టారు. ఫ్రెంచి అధికారులను ఓడలెక్కించి పంపేశారు.

ఇక్కడ ఒక తారీకు చెప్పాలి. నైలు నది ముఖద్వారం దగ్గర ఇంగ్లీషు నౌకాదళపతి నెల్సన్ ఫ్రెంచి నౌకాదళాన్ని నాశనం చేసింది ఆగస్టు 1న. అంటే హైదరాబాద్‌లో సంతకాలు పడే నాటికి సరిగ్గా నెల ముందే, నెపోలియన్ సముద్రం మీదుగా ఇటు వచ్చే దారి మూసుకుపోయింది. ఆ కబురు కలకత్తా చేరేసరికి అక్టోబరు ఆఖరైంది. భయం తీరిపోయింది. ఒప్పందం మాత్రం ఉండిపోయింది.

జయించలేదు, జీతం కింద పుచ్చుకున్నారు

1799 మే 4న శ్రీరంగపట్నం కూలింది, టిపూ మరణించాడు. భయానికి రెండో కారణమూ పోయింది. న్యాయంగా అయితే ఇక్కడ అద్దె సైన్యం తగ్గాలి. పెరిగింది. 1800 అక్టోబరు 12 నాటి కొత్త ఒప్పందంలో పటాలాల సంఖ్య పెంచారు. పరాయి రాజ్యాలతో నిజాం సొంతంగా మాట్లాడకూడదన్నారు. ఇక ఏటా నగదు వసూలు చేసే తంటా ఎందుకని, మైసూరు యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన భూములనే శాశ్వతంగా రాయించుకున్నారు.

అవే బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు. మన పెద్దలు దత్త మండలాలన్నవి. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అని పేరు సూచించేదాకా, ఆ సీమ పేరులోనే ఎవరో ఎవరికో ఇచ్చేసినదన్న గుర్తు ఉండిపోయింది.

నా దృష్టిలో ఈ కథలో గుండెకాయ ఇదే. 1784 చట్టం దేన్ని వద్దంది? జయించవద్దంది. కడపను కంపెనీ జయించలేదు. అనంతపురం మీద దండెత్తలేదు. సైనికుల జీతం కింద పుచ్చుకుంది. చట్టంలో ఒక్క అక్షరం చెక్కు చెదరలేదు. యూరప్‌లో నీతి లేకపోవడం వల్ల ఇది జరిగిందంటే నేను ఒప్పుకోను. నీతి ఉంది. పార్లమెంటు చట్టంగా ఉంది, బర్క్ ప్రసంగంగా ఉంది, కాంట్ పుస్తకంగా ఉంది. ఆ నీతి యుద్ధాన్ని గుర్తుపట్టగలిగింది గానీ, పద్దుల పుస్తకాన్ని గుర్తుపట్టలేకపోయింది.

ఆ పద్దు కోసిన గీతను చూడండి. ఉత్తర సర్కారులు చాలా మేరకు 1766 నాటికే కంపెనీ వశమయ్యాయి. 1800లో రాయలసీమ పోయింది. మిగిలింది తెలంగాణ. ఒకే భాష మాట్లాడేవాళ్లు రెండు రాజ్యాల కింద నూట యాభై ఏళ్లు బతికారు. అటు కంపెనీ కలెక్టరు మన్రో మొదలుపెట్టిన కచేరీలు, రైత్వారీ, ఇంగ్లీషు చదువు. ఇటు జాగీర్లు, దేశ్‌ముఖులు, ఉర్దూ దఫ్తరు. 1956లో ఇద్దరినీ కలిపినప్పుడు, ఒకరి ఉద్యోగ నియమాలు ఒకరికి, ఒకరి యాస ఒకరికి, ఒకరి భూమి చట్టాలు ఒకరికి అర్థం కాలేదు. 2014లో విడిపోయిన సరిహద్దు చాలా మేరకు ఆ పాత గీతే. ఆంధ్ర, తెలంగాణ పంచాయితీలో మనం ఒకరినొకరం అన్న మాటల్లో ఎన్ని, నైలు నది దగ్గర ఎప్పుడో తీరిపోయిన ఒక భయానికి చెందినవి!

గుత్తదారు వచ్చాడు

భూములు రాసిచ్చాక బాకీ తీరిందా? లేదు. యుద్ధకాలంలో నిజాం తన సొంత సైన్యాన్ని తోడు పంపాలని ఒప్పందంలో ఒక షరతుంది. దాన్ని అడ్డం పెట్టుకుని రెసిడెంటు హెన్రీ రసెల్ కాలంలో, శాంతి రోజుల్లో కూడా ఇంగ్లీషు అధికారుల కింద మరో సైన్యం తయారైంది. అదే హైదరాబాద్ కంటింజెంట్. ఖర్చు నిజాందే, ఏటా దాదాపు 40 లక్షలు.

ఆ డబ్బు కోసం నిజాం మంత్రి చందూలాల్ తాలూకాల శిస్తు వసూలును గుత్తకిచ్చాడు. ఎక్కువ పాడినవాడికి తాలూకా. పాడిన సొమ్ము రాబట్టుకోవాలి కాబట్టి వాడు రైతును పిండుతాడు. మధ్యలో ఇంకొకడు ఎక్కువ పాడితే ఇతను పోయి వాడొస్తాడు, మళ్లీ మొదటి నుంచి. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఊళ్లు పాడుబడటం చూసి, శిస్తు ముందే ఖాయం చేసే ఏర్పాటు కోసం తన మనుషులను జిల్లాలకు పంపాల్సి వచ్చింది.

చాలని డబ్బుకు అప్పు. హైదరాబాద్‌లో విలియం పామర్ అండ్ కంపెనీ ఉండనే ఉంది. స్వదేశీ రాజులకు యూరోపియన్లు అనుమతి లేకుండా అప్పివ్వరాదని 1797లోనే ఒక చట్టం వచ్చింది. ఇక్కడా అంతే, మంచి చట్టం. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ప్రభువు, పాత వారన్ కాదు, 1816లో ఆ సంస్థకు మినహాయింపు ఇచ్చాడు. భాగస్వాముల్లో ఒకరు ఆయన పెంచిన అమ్మాయి భర్త. ఆ అప్పు తీర్చడానికి 1823లో నిజాం ఏం వదులుకున్నాడో తెలుసా? ఉత్తర సర్కారుల మీద కంపెనీ నుంచి ఏటా రావలసిన 7 లక్షల పేష్కష్, అంటే కప్పం. 1,16,66,666 రూపాయలకు శాశ్వతంగా రద్దు చేసుకున్నాడు. సముద్ర తీరపు తెలుగువాళ్లకూ హైదరాబాద్‌కూ మధ్య మిగిలిన చివరి దారపు పోగు అలా తెగింది.

అయినా కంటింజెంట్ బాకీ పెరుగుతూనే పోయింది. 1853 మే 21న బేరార్, రాయచూరు దోయాబ్, ధారాశివ్ కంపెనీ చేతికిచ్చారు. రాయచూరు, ధారాశివ్ 1860లో తిరిగొచ్చాయి. బేరార్ రాలేదు.

ఒక్క సంగతి చెప్పి ఈ పాత పద్దు మూసేస్తాను. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు నిజాం కానుకగా వెళ్లాయి. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. 1918లో ఆ విమానాలు జర్మనీ పట్టణాల మీద బాంబులు వేశాయి. నిజాం ఖజానాకు చేరే ప్రతి రూపాయి వెనుకా ఒక నాగలి ఉంటుంది. జొన్న, కంది పండించే మెట్ట నేల నుంచి రైన్ నది దాకా ఆ రూపాయి నడిచిన దారిని తలచుకుంటే, అంతర్జాతీయ రాజకీయాలు మనకు దూరమని ఎలా అనుకోగలం?

చిలుకూరులో ప్రదక్షిణలు

మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీని వీసా బాలాజీ అంటారు. కోరుకున్నప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. ఒకప్పుడు చాలామంది కోరిక అమెరికానే. ఇప్పుడు జర్మనీ, ఐర్లండ్, పోలండ్ పేర్లూ వినిపిస్తున్నాయి. ఇంకా ముందు ఉక్రెయిన్‌లో డాక్టరు చదువు. 2022లో ఆపరేషన్ గంగ ద్వారా, ఇతర దారుల్లో 22 వేలకు పైగా భారతీయులు అక్కడి నుంచి తిరిగొచ్చారు. అందులో మన జిల్లాల పిల్లలు ఎందరో. సరిహద్దు దాకా మంచులో నడిచిన బిడ్డ ఫోను కోసం ఆ ఫిబ్రవరి రాత్రుల్లో కళ్లు కాయలు కాసిన తల్లులకు యూరప్ భద్రత అంటే ఏమిటో ఏ పండితుడూ చెప్పక్కర్లేదు. 2024 మార్చిలో మరో కబురు. ఏజెంట్ల మాటలు నమ్మి పని కోసం రష్యా వెళ్లి, యుద్ధరంగానికి చేరిన హైదరాబాద్ యువకుడు అక్కడే ప్రాణాలు వదిలాడు. కూలి సిపాయి బతుకు 1798తో ముగిసిపోలేదు.

యూరప్ ఇప్పుడూ మంచి కాగితాలే రాస్తోంది. 2003 డిసెంబరులో ఐరోపా సమాఖ్య తన మొదటి భద్రతా వ్యూహాన్ని ప్రకటించింది. 2016 నాటి పత్రంలో సూత్రాలనూ వాస్తవాన్నీ కలిపి నడవాలన్నారు. 2022 మార్చిలో, యుద్ధం మధ్యలో, మరో పత్రం వచ్చింది. వీటిని వెటకారం చేయడం నాకిష్టం లేదు. విలువలను కాగితం మీద పెట్టిన రాజ్యాన్ని ఆ కాగితం చూపించి నిలదీయొచ్చు, పెట్టని రాజ్యాన్ని అదీ కుదరదు. ఉక్రెయిన్ ప్రజల పక్షాన యూరప్ నిలబడటం న్యాయమనే నా నమ్మకం. కానీ 2025 జులైలో రష్యా చమురు పేరు మీద ఆంక్షలు గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ దాకా వచ్చినప్పుడు, దాని భారం చివరికి ఎవరి పద్దులో పడుతుందని అడగడం కూడా న్యాయమే. కాంట్ పుట్టి, చనిపోయిన కోనిగ్స్‌బర్గ్ ఇప్పుడు రష్యా చేతిలో ఉన్న కలినిన్‌గ్రాడ్. పోలండ్‌కూ లిథువేనియాకూ మధ్య, చుట్టూ సైన్యాలు మోహరించిన చోట, శాశ్వత శాంతి రాసిన మనిషి సమాధి ఉంది.

హైదరాబాద్ కోఠీలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ ఇంకా నిలబడే ఉంది. 1803 తర్వాత, నిజాం ఖర్చుతోనే లేచిన భవనం. ఎత్తైన స్తంభాలు, వెడల్పాటి మెట్లు, అటూ ఇటూ రాతి సింహాలు. పటాలాల పద్దు, గుత్తల తగువు, పామర్ అప్పు, అన్నీ ఆ మెట్లెక్కి లోపలికి పోయినవే. చాలాకాలం అది ఆడపిల్లల కళాశాల, ఇప్పుడు విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తాను కౌలుకు పండించిన పంటను దేశ్‌ముఖు మనుషుల పాలు కానివ్వని ఐలమ్మ. పొద్దున్నే చేవెళ్ల బస్సో షాబాద్ బస్సో దిగి, సిటీ బస్సు పట్టుకుని వచ్చిన అమ్మాయిలు భుజాన సంచులతో ఆ గేటులోంచి లోపలికి నడుస్తారు.